గేరు చూసుకోలేదు

మూడేళ్ల కిందట మామిడి కోతల సమయంలో జరిగింది. కోలారు దగ్గర తమకలో మా బ్యాటరీల షాపు నేనే నడుపుతాను. రాయల్పాడు నుంచి మా అక్క ఫోన్ చేసింది. "తోటలో తిరిగే డర్ట్ బైకు సెల్ఫ్ నొక్కితే టిక్కంటాది, అంతే. రామ్మా" అంది.

వెళ్లి కొత్త బ్యాటరీ వేశాను. అయినా ఇంజను తిరగలేదు. కూలీలందరూ నన్నే చూస్తున్నారు. ఎలాగైనా స్టార్ట్ చేసి చూపాలన్న కంగారులో, కరెంటు నేరుగా స్టార్టర్ మోటారుకు వెళ్లేలా, దానికి కరెంటు వదిలే రిలే స్విచ్చుకి స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టాను. బండి గేరులో ఉందని చూసుకోలేదు.

ఒక్కసారిగా ఇంజను అందుకుంది. బండి నా చేతిలోంచి జారి, ఎదురుగా కాయలు ఏరుతున్న అక్క అత్తగారి వైపు దూకింది. కాయల కుప్పను గుద్దుకుని, ఆమె మోకాలికి జానెడు దూరంలో పడి ఆగిపోయింది.

పరుగున వెళ్లి ఆమె కాళ్లు పట్టుకుని ఏడ్చేశాను.

"నాకేం కాలేదు లేమ్మా. బండి స్టార్టయినాది గదా, ఇంగ యాలమ్మా ఏడుస్తావు?" అన్నదామె.

పాడైంది రిలే అని తేలింది. కానీ లోపం ఎక్కడుందో నాకు తెలియలేదని నలుగురిలో చెప్పడానికి సిగ్గుపడి, ఒక మనిషి ప్రాణం తీసేదాన్ని. ఇప్పుడు ఎంతమంది చూస్తున్నా, గేరు చూడకుండా స్క్రూడ్రైవర్ పట్టను.