సినిమా హాలు ముందు నేనాడిన మాట

నా తమ్ముడి సినిమాను చంపింది నేను. ఇన్నేళ్లూ ఈ మాట ఎవరితోనూ అనలేదు. మా ఆయన పోయిన రోజు కూడా, నేను ఏడుస్తున్నది ఆయన కోసమా, దీని కోసమా అని నాకే తెలియలేదు. నాకు చదువు సంతకం దాకానే. చెబుతుంటే పక్కింటి కోడలు రాస్తోంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

మాది పులికాట్ సరస్సు ఒడ్డు. రొయ్య బాగా పడే చోట ఇష్టమొచ్చినట్టు వల వేయడానికి లేదు. ఇంటికొక వంతు. పెద్దలు పంచుతారు. నాయన పోయాక ఆ వంతు తమ్ముడిది. వాడు తాగేవాడు. ఒకసారి అలిగి మద్రాసు పోయినప్పుడు, ఇక రాడని పెద్దలకు చెప్పి, వంతు మా ఆయనకు వేయించాను. వస్తాడని నాకు తెలుసు. వచ్చాడు. వంతు లేదని తెలిసి, తిరిగి వెళ్లిపోయి సినిమాల్లో చేరాడు.

వాడు తీసిన సినిమాను పత్రికలన్నీ మెచ్చుకున్నాయన్నారు. ఎదిగి కూడా కొట్టుకునే అక్కాతమ్ముళ్ల కథ. నవ్విస్తూనే ఏడిపించాడన్నారు. ఊరంతా గూడూరు పోయి చూశాం. ఇద్దరూ వల లాక్కుంటూ నీళ్లలో పడితే నేనూ నవ్వాను. తర్వాత తెర మీద అక్క పెద్దల ముందు నిలబడి, వాడిక రాడు అంది. అచ్చంగా నా మాటే.

బయట మైకు, కెమెరాతో ఒక అమ్మాయి.

"డైరెక్టర్ గారి అక్కవంట కదమ్మా! ఎట్టుంది సినిమా?"

చుట్టూ మా పెద్దలు. నిజమంటే వంతు పోతుంది.

"ఏముందమ్మా, అంతా అబద్ధం. తాగుబోతోడు, వాడి తప్పులన్నీ నా నెత్తిన రుద్దినాడు."

"మరి ఆ వంతు సంగతి?"

"తమ్ముడి నోటికాడ కూడు లాగేదాన్నా నేను? అక్కని తిట్టించి నవ్వులమ్ముకుంటా ఉండాడు!"

ఆ వీడియో ఊళ్లన్నీ తిరిగింది. మెచ్చుకున్నవాళ్లే మాట మార్చారు. ఇంటి ఆడదాన్ని బజారుకీడ్చాడని రాశారు. హాళ్లు ఖాళీ అయ్యాయి. వాడు మళ్లీ సినిమా తీయలేదు. నన్ను తిట్టనూ లేదు.

వంతు కోసమే అబద్ధమాడానా? లేక నేను చేసిందంతా తెలిసి కూడా వాడు ఆ అక్కను తెర మీద అంత ప్రేమగా చూపించాడే, అది తట్టుకోలేక ఆడానా? ఎంత తవ్వుకున్నా తేలడం లేదు.

ఇప్పుడు ఆ వంతులో నా కొడుకు వల వేస్తున్నాడు. ఇది విని పెద్దలు ఏం చేస్తారో చేయనీ. క్షమించమని తమ్ముణ్ణి అడగను. ఆ మొహం నాకు లేదు.

వాడి సినిమాలో నిజం కానిది ఒక్కటే. చివర్లో ఆ అక్క తప్పు ఒప్పుకుంటుంది. నేను ఒప్పుకోలేదు. ఇవాళ్టి దాకా.