సముద్రపు సీసంతో మంచినీళ్ళలోకి

చలికాలంలో మేముండే సౌదీ ఊరు అల్ ఖోబర్ సముద్రం మీద ఉత్తరపు గాలి మొదలైందంటే పడవలు కదలవు. నీళ్ళలో మునగందే మా ఆయనకి తోచదు. పెళ్ళయ్యాక ఆ పిచ్చి నాకూ అంటించాడు. బురైదాలో డాక్టరుగా ఉన్న మా తమ్ముడు ఫోన్ చేసి, తనకి తెలిసిన సౌదీ ఆయన ఖర్జూరం తోటలో లోతైన మంచినీటి చెరువుందనీ, దిగడానికి ఒప్పుకున్నాడనీ చెప్పాడు. ఇంకేముంది, గాలి సిలిండర్లు కారులో పడేసుకుని బయల్దేరాం.

గట్టు మీద చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. మా ఆయన మందపాటి రబ్బరు సూటు తొడుక్కుని, నడుముకి సీసం దిమ్మల బెల్టు కట్టుకుంటున్నాడు. మా సముద్రం ఎంత ఉప్పంటే మనిషిని బెండులా తేల్చేస్తుంది. మునగాలంటే సీసం బాగా కట్టుకోవాల్సిందే.

"ఇవి మంచినీళ్ళు కదండీ, అంత బరువెందుకు? కొన్ని తీసెయ్యండి" అన్నా.

"సూటు మందం కదా, అది తేలుస్తుంది. అసలు ఇంకో రెండు వెయ్యాలి" అన్నాడు. అనడమే కాదు, వేశాడు కూడా. ఇంజినీరు కదా, ఆయన లెక్కకి ఎదురుండదు! నాకు ఒళ్ళు మండింది. నేను మాత్రం నా బెల్టులోంచి సగం తీసేశా.

"బావా, టీ చల్లారేలోపు వచ్చెయ్" అని మా తమ్ముడు ఫ్లాస్కు పట్టుకుని నవ్వాడు.

దిగామో లేదో, ఆయన బావిలో జారిన బిందెలా వెళ్ళిపోయాడు. చెవులు పోటు పెడుతున్నా ముక్కు మూసి గాలి ఊదుకుంటూ వెంటపడ్డా. అడుగున బురద లేచిపోయింది. నా చెయ్యి నాకే కనపడలేదు. బుడగల చప్పుడు మాత్రం ఆగకుండా, గబగబా వినపడుతోంది. అంత జోరుగా పీలిస్తే సిలిండరు ఎంతసేపొస్తుంది, దేవుడా!

తడుముతుంటే ముందు ఆయన మోచెయ్యి తగిలింది. నేనని తెలీక తోసేశాడు. మోకాళ్ళ దాకా బురదలో దిగబడి ఉన్నాడు, కొట్టుకునే కొద్దీ ఇంకా దిగబడుతున్నాడు. ఒంటి మీది జాకెట్టులో గాలి నిండితే మనిషి పైకి లేవాలి. గాలి నింపే బటన్ నేనే వెతికి నొక్కా. బురద పట్టేసి కదల్లేదు. ఇక మిగిలిన దారి ఒకటే, సీసం బెల్టు విప్పి పారెయ్యాలి.

పైన అయితే నోటికొచ్చినట్టు తిట్టి అయినా విప్పించేదాన్ని. ఇక్కడ నోట్లో గాలి పైపాయె! ఆయన చెయ్యి లాగి బెల్టు మీద పెట్టా. అర్థం కాలేదు, నా భుజం పట్టుకుని వేలాడాడు. నా పైపు ఊడినంత పనైంది. ఇద్దరం ఇక్కడే పోతామనుకున్నా.

బకిల్ ముందుండాలి. లేదు. బెల్టు తిరిగిపోయి, అది వీపు వైపు సిలిండరు కింద ఇరుక్కుంది. మొద్దుబారిన వేళ్ళకి ఏమీ తెలియట్లేదు. చేతి తొడుగు లాగి పారేసి, గోళ్ళతో గీకా. గీకగా గీకగా ఊడింది.

ఆ మరుక్షణం ఆయన జివ్వున లేచాడు. అది ఇంకో గండం. అంత జోరుగా లేస్తూ భయంతో ఊపిరి బిగబడితే ఊపిరితిత్తులు చిట్లిపోతాయి. జాకెట్టు పట్టీ గుప్పిట్లో బిగించి వేలాడా. రెండో చేత్తో పొట్టలో గుద్దుతూనే ఉన్నా, గాలి వదులు మహానుభావా, వదులు అని లోపలే అరుస్తూ. చివరికి ఆయన నోట్లోంచి బుడగలొచ్చాయి.

వెలుతురు. "అక్కా! బావా!" అని తమ్ముడి కేక.

పైపు ఊడబెరికి మొదలుపెట్టా. గట్టు దాకా ఈదుకుంటూ తిట్టా. ఆయన లెక్కలూ, ఆయన చదువూ, ఆయన మొండితనమూ, ఏదీ వదల్లేదు. గట్టు మీద కూలబడ్డాక కూడా తిడుతూనే ఉన్నా.

"అయిపోయిందిలే. ఇక వదులు" అన్నాడు మెల్లగా.

"ఏంటి వదిలేది?" అని అరిచా.

చూసుకుంటే ఆయన జాకెట్టు పట్టీ ఇంకా నా గుప్పిట్లోనే ఉంది. వదుల్దామంటే వేళ్ళు రావట్లేదు. ఆయనే నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఒక్కో వేలూ విప్పాడు.