తెల్లకాగితం మీద నా సంతకం

తాండూరులో ఓ నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో నాలుగేళ్లు ఆఫీసు పని చూశాను. కొత్తగా చేరే ఆడవాళ్లతో తెల్లకాగితం మీద సంతకం పెట్టించేది నేనే. "ఏం గాదక్కా, పెట్టు" అనేదాన్ని. చేరిన రోజు నేనూ పెట్టాను.

గర్భవతినని చెప్పిన వారానికే నన్ను పనిలోకి రావద్దన్నారు. అలా తీసేయడం చట్టవిరుద్ధమని తెలుసుకుని, వికారాబాద్‌లో కార్మిక శాఖకు ఫిర్యాదు చేశాను. విచారణ రోజు అధికారి నా ముందు ఓ రాజీనామా పత్రం పెట్టారు.

"సంతకం నీదేనా అమ్మా?"

"నాదే సార్. పైన రాసింది నేను గాదు."

"వాళ్లు తీసేస్తె చట్టమున్నది. నువ్వే మానేస్తున్నవని గిట్ల కాగితముంటే మేమేం జేస్తం?"



ఆ యూనిట్ బీరువాలో ఇంకా ముప్పైమంది తెల్లకాగితాలున్నాయి. ఏం గాదక్కా అంటూ అన్నిటి మీదా సంతకాలు నేనే పెట్టించాను.