నాలుగో నంబరు డ్రైవ్

2002వ సంవత్సరం. నిజామాబాద్ బస్టాండుకు దగ్గర్లో, ఒక బట్టల దుకాణం పై అంతస్తులో మా స్టడీ సెంటర్ ఉండేది. స్టడీ సెంటర్ అంటే దూరవిద్యలో పీజీ చదివేవాళ్లకు ఆదివారాలు క్లాసులు, ప్రాక్టికల్స్ జరిపే చోటు. ఎమ్మెస్సీ ఐటీ మా దగ్గర బాగా నడిచే కోర్సు. నేను ల్యాబ్ ఇన్‌చార్జిని. ఎనిమిది కంప్యూటర్లు, ఒక ప్రింటరు, వీటన్నిటికంటే పెద్దది నా నోరు. చెప్పులతో లోపలికొస్తే, చదువుకోవడానికొచ్చిన హెడ్మాస్టర్‌నైనా బయట నిలబెట్టేవాణ్ని.

ఆఖరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు ఉంటుంది. విద్యార్థి సొంతంగా ఒక ప్రోగ్రాం రాసి, రిపోర్టు బైండు చేయించి, యూనివర్సిటీ నుంచి పరీక్షించడానికి వచ్చే ఎక్స్‌టర్నల్ ఎదుట దాన్ని నడిపి చూపించాలి. దీన్నే వైవా అంటాం. సొంతంగా అనేది కాగితం మీది మాట. చాలామంది హైదరాబాద్ పోయి తయారుగా ఉన్నది తెచ్చుకునేవాళ్లు. హోటల్ మేనేజ్‌మెంట్, లైబ్రరీ మేనేజ్‌మెంట్, మళ్లీ హోటల్ మేనేజ్‌మెంట్. చూసీ చూడనట్టు పోవడం మా అందరికీ అలవాటు.

ఇందిర అలా తెచ్చుకోలేదు. బోధన్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. వాళ్ల బాపు నిజాంసాగర్ కాలువ మీద లష్కర్, అంటే తూములు ఎత్తి దించి పొలాలకు వంతుల ప్రకారం నీళ్లు వదిలే మనిషి. ఏ తూముకు ఎన్నాళ్లకు వంతు వస్తుంది, చెరుకుకెంత, వరికెంత, పైవాళ్లు ఎక్కువ వాడుకుంటే కిందివాళ్ల వంతు ఎంత వెనక్కి పోతుంది, ఇదంతా చెప్పే ప్రోగ్రాం రాస్తానంది. నేను ఎగతాళి చేశాను. హోటల్ పెట్టుకుంటే ఒక్క ఆదివారంలో అయిపోతుంది కదా, ఈ తూములతో ఎందుకు తిప్పలు అన్నాను.

"హోటల్ గురించి నాకేం తెల్వది సార్. తూములైతే తెల్సు," అంది.

ఆరు నెలలు ఆదివారాలన్నీ బోధన్ బస్సులో వచ్చింది. ఎవరూ కూర్చోని నాలుగో నంబరు సిస్టం ముందు కూర్చుని, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పే దాకా తల ఎత్తేది కాదు. పోను పోను నాకే ఆ ప్రోగ్రాం మీద మోజు పుట్టింది. ఒకనాడు అది తీసిన వంతుల పట్టికను వాళ్ల బాపుకు చూపించిందట. ఆయన చాలాసేపు చూసి, రెండు తూముల దగ్గర తప్పుందని చెప్పాడట. ఇందిర వచ్చి ఆ రెండూ దిద్దింది. నిజం చెప్పొద్దూ, ఆ సెంటర్లో నేను చూసిన ఒకే ఒక్క అసలైన ప్రాజెక్టు అది.

ఆమెకు అదే చివరి అవకాశం. కాన్పుల వల్ల పరీక్షలు తప్పి, కోర్సు పూర్తి చేయాల్సిన గడువు ఆ వైవాతో ముగిసిపోతోంది. ఇది పోతే మళ్లీ మొదటి నుంచి చేరాలి. జూన్ నుంచి పీజీ ఉన్నవాళ్లనే ఉంచుకుంటామని కాలేజీవాళ్లు ముందే చెప్పేశారు.

ఇక నాలుగో నంబరు సంగతి. దాని ఫ్లాపీ డ్రైవ్‌కు, అంటే ఫైళ్లు దాచుకునే ఫ్లాపీ డిస్కును రాసి చదివే భాగానికి, ఒక జబ్బు ఉండేది. లోపల రాసే హెడ్ వెంట్రుకవాసి పక్కకు జరిగింది. అలాంటి డ్రైవ్ తాను రాసింది తానే చదువుకుంటుంది, వేరే ఏ డ్రైవూ చదవలేదు. నాకది తెలుసు. మార్చడానికి బద్ధకం. అడిగినవాళ్లకు, నాలుగు మీద రాసింది నాలుగు మీదే తెరవండని చెప్పి వదిలేసేవాణ్ని. ఇందిర ఎప్పుడూ అక్కడే కూర్చునేది కాబట్టి ఆమెకు ఆ తేడా ఎదురు కాలేదు. నేనూ చెప్పలేదు.

వైవాకు ముందురోజు శనివారం. ఎక్స్‌టర్నల్ మన సెంటర్ మీద కూడా రిపోర్టు రాస్తాడు, గుర్తింపు ఉండేదీ పోయేదీ దాని మీదే అని మా కోఆర్డినేటర్ భయపెట్టాడు. నాకు ఎక్కడలేని హుషారు పుట్టుకొచ్చింది. వైరస్ పోవాలని ఎనిమిది సిస్టంలనూ ఫార్మాట్ చేశాను, అంటే లోపలున్నదంతా తుడిచేసి మళ్లీ కొత్తగా ఎక్కించాను. మీ ఫైళ్లు ఫ్లాపీలో దాచుకోండి, సిస్టంలో ఉన్నవాటికి బాధ్యత మాది కాదని గోడ మీద ఎప్పట్నుంచో కాగితం అంటించి ఉంది. నాలుగో నంబరుకు కొత్త డ్రైవ్ బిగించాను. పాతదాన్ని మిగతా చెత్తతో కలిపి పాత సామాను కొనే కబాడీ అతనికి ఇచ్చేశాను. ల్యాబ్ అద్దంలా ఉందని కోఆర్డినేటర్ మెచ్చుకున్నాడు.

ఆదివారం పొద్దున ఇందిర అందరికంటే ముందొచ్చింది. సిస్టంలో ఉన్నదంతా ఫార్మాట్‌లో పోయింది కాబట్టి ఫ్లాపీ పెట్టింది. తెరుచుకోలేదు. జాగ్రత్తకని ముందే ఇంకో ఫ్లాపీలో కాపీ కూడా చేసి పెట్టుకుంది. అదీ తెరుచుకోలేదు. ఎనిమిది సిస్టంల మీదా వరుసగా పెట్టి చూసింది. ఆఖరుకు నా దగ్గరికొచ్చింది.

"పోయిన ఆదివారం మంచిగనే తెర్సుకున్నయి సార్. రెండూ ఒక్కపారే ఎట్ల ఖరాబైతయి?"

నాకు ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. ఫ్లాపీలకేం కాలేదు. వాటిని చదవగలిగిన ఒకే ఒక్క డ్రైవును నేను పాత సామానుకు వేశాను. మెట్లు దిగి కబాడీ దుకాణానికి పరిగెత్తాను. తెచ్చిన సామానంతా రాత్రే విప్పేసి ఇనుము ఇనుము, అల్యూమినియం అల్యూమినియం వేరు చేశానన్నాడు.

తిరిగొచ్చి, ఫ్లాపీలు కరప్ట్ అయినట్టున్నాయమ్మా అన్నాను. అది నా మొదటి అబద్ధం.

ఎక్స్‌టర్నల్ పెద్దమనిషి, మాట నెమ్మది. ఇందిర రిపోర్టు ఆయన ముందు పెట్టి, ప్రోగ్రాం తెరుచుకోవడం లేదని, ఏది అడిగినా చెబుతానని అంది. రిపోర్టులో ప్రోగ్రాం మొత్తం వేయరు, నమూనాకు నాలుగు పేజీలే ఉంటాయి. ఆయన తిరగేసి చూశాడు. ఆసక్తి కలిగినట్టే ఉంది. కానీ నడపని ప్రోగ్రాంకు మార్కులు ఎలా వేయాలి? నావైపు తిరిగాడు.

"మీ ల్యాబ్‌లో ఏదైనా లోపం జరిగిందా? జరిగితే రాసివ్వండి, ఈ అమ్మాయికి ఇంకో తేదీ ఇప్పిస్తాను."

పక్కన కోఆర్డినేటర్ నిలబడి ఉన్నాడు. ఎదురుగా ఇందిర నా మొహంలోకి చూస్తోంది. ఒక్క వాక్యం చెబితే చాలు. అంత పెద్ద నోరు ఆ వాక్యానికి పెగల్లేదు.

"లేదు సార్. ల్యాబ్‌లో ఏం లోపం లేదు," అన్నాను. ఊరుకుంటే బాగుండేది, గోడ మీది కాగితం కూడా చూపించాను.

ఆ రోజు మిగతావాళ్లంతా పాసయ్యారు. ముగ్గురి హోటళ్లలో ఒకే అతిథి ఒకే గదిలో దిగి ఉన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. మా సెంటర్ గుర్తింపు కూడా నిలబడింది.

నెల తర్వాత ఇందిర తన ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకోవడానికి వచ్చింది. కాలేజీలో జూన్ నుంచి వద్దన్నారట. మళ్లీ చేరే ఓపిక లేదంది. సంతకం చేసి కాగితాలు సంచిలో పెట్టుకుంది. పోదామని లేచి, ఆగింది.

"తప్పు నాదే సార్. మంచి ఫ్లాపీలు కొనుక్కోకపోతి. నా వల్ల ఆ సార్ ముందట మీక్కూడ మాట వచ్చె. మనసుల పెట్టుకోకుండ్రి."

నేనేం చేశానో రాయడానికి సిగ్గేస్తోంది. పర్వాలేదులే అమ్మా అన్నాను.

ల్యాబుల్లో పనిచేసే పిల్లలు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు, ఇన్నేళ్లలో ఏం నేర్చుకున్నారు సార్ అని. బ్యాకప్ రెండు చోట్ల ఉంచుకోండి, తీసుకున్నదాన్ని వేరే సిస్టంలో తెరిచి చూసుకోండి అని చెబుతుంటాను. మంచి మాటే, పనికొస్తుంది. కానీ ఇందిర దగ్గర నేను నేర్చుకున్నది అది కాదు. మనిషి తప్పు చేశాక దాన్ని ఒప్పుకోవడానికి కొంత సమయమే దొరుకుతుంది. నాకు మూడుసార్లు దొరికింది. ఆఖరిసారి, నా తప్పుకు ఆమె క్షమాపణ అడుగుతుంటే, నేను ఆమెను క్షమించి పంపాను.