పంటితో విన్న స్ప్రింగు

మస్కట్‌లోని రూవి బజారులో ఏ దుకాణం షట్టరు గీపెట్టినా లింబాద్రినే పిలుస్తారు. అతను వస్తాడు, నిచ్చెన వేస్తాడు, పొడుగాటి స్క్రూడ్రైవర్ పిడిని ముందరి పళ్ల మధ్య కరిచిపట్టి మొనను షట్టరు స్ప్రింగుకు ఆనిస్తాడు. ఇక లేపమని చేత్తో సైగ చేస్తాడు. షట్టరు పైకి పోతుంటే కళ్లు మూసుకుంటాడు. ఎక్కడ రాసుకుంటోందో అక్కడ సుద్దముక్కతో ఒక గీత పెడతాడు. చెవితో వినొచ్చు కదా అని అడిగినవాళ్లందరికీ ఒకటే జవాబు.

"చెవి అబద్ధం చెప్తది సేఠ్. పన్నుకు అబద్ధం రాదు."

పన్నుకు రాదేమో గానీ లింబాద్రికి బాగానే వచ్చు. ఆర్మూర్ దగ్గరి ఊళ్లో, ఏడేళ్ల వయసులో రెండు చెవులకూ చీము పట్టింది. తలా ఒక పసరు పోశారు. చివరికి మిగిలింది పావువంతు వినికిడి. దాంతోనే ఒమన్ వచ్చాడు, పద్దెనిమిదేళ్లలో మూడు కంపెనీలు మారాడు. ఎదుటివాడి పెదాలు చూసి మాట పట్టేస్తాడు. వెనకనుంచి పిలిస్తే పలకడు. దాన్ని చూసి సూపర్‌వైజర్లు, పనిలో పడితే ఈ మనిషికి లోకం పట్టదని మెచ్చుకున్నారు. రెండు కంపెనీలు ఉత్తమ కార్మికుడని కాగితం కూడా ఇచ్చాయి. అసలు సంగతి తెలిసింది ఇద్దరికే. ఊళ్లో ఉన్న భార్య కనకవ్వకు, మబేలా రూమ్‌లో పక్క మంచం లచ్చన్నకు.

ఇప్పుడు మూడో కంపెనీ కూడా మూతపడబోతోంది. నెలాఖరులోగా ఇంకో చోట పని దొరక్కపోతే లింబాద్రి ఇంటికి టిక్కెట్ తీసుకోవలసిందే. సరిగ్గా ఆ సమయంలో రషీద్ తగిలాడు. అల్ అమెరాత్ కొండల మధ్య ఉన్న షూటింగ్ క్లబ్బులో అతను కమిటీ సభ్యుడు. రూవిలో తమ్ముడి దుకాణం షట్టరు బాగుచేస్తుంటే చూశాడు.

"షట్టరు నోరు మూయించావు. నా రైఫిల్ నోరు మూయిస్తావా?" అన్నాడు హిందీలో. "క్లబ్బులో గేట్లకు, టార్గెట్లు లాగే మెషీన్లకు ఒక మనిషి కావాలి. ఆదివారం కమిటీ మీటింగు. ఈ లోపల చప్పుడు పోతే నీ పేరే రాస్తాను."

లింబాద్రి అతని పెదాల మీదినుంచి చూపు తిప్పకుండా తలూపాడు.

రషీద్‌ది పోటీల్లో వాడే సెమీ ఆటోమేటిక్ రైఫిల్. ఒక గుండు పేలగానే లోపలి భాగం వెనక్కి తన్నుకుపోతుంది, దాన్ని మళ్లీ ముందుకు నెట్టేది ఒక పొడుగాటి స్ప్రింగు. ఆ స్ప్రింగు భుజానికి ఆనే వెనక భాగంలో, ఒక గొట్టంలో ఉంటుంది. చెంప ఆనించేది అక్కడే.

"పేలుడు నన్నేమీ చేయదు. దాని వెనకాలే దవడలో మోగుతుంది చూడు, ఆ తంబూరా చంపుతోంది. అది ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ గురి తప్పుతున్నాను" అన్నాడు రషీద్.

క్లబ్బు ఆయుధశాల బాధ్యుడు తారిఖ్ మాత్రం చప్పుడే లేదన్నాడు. తెల్లమీసాల బలూచీ ముసలాయన, అందరికీ ఉస్తాద్. రెండు నెలలుగా ఆయన మాట అదే.

"నేనూ కాల్చి చూశాను. నాకేం వినపడలేదు. ఇదంతా అర్బాబ్ భ్రమ." క్లబ్బులో పనిచేసేవాళ్లంతా రషీద్‌ను అర్బాబ్ అనే, అంటే దొరా అనే, పిలుస్తారు. తర్వాత లింబాద్రి వైపు తిరిగి వేలు చూపించాడు. "నీకు లైసెన్సు లేదు. తుపాకీ మీద నీ చెయ్యి పడితే నిన్ను గేటు బయట పెడతాను. స్ప్రింగు నేను తీసి ఇస్తా, దాన్ని ఏం చేసుకుంటావో చేసుకో."

స్ప్రింగు ఊడదీసి బల్ల మీద పెట్టాడు. లింబాద్రికి దిక్కు తోచలేదు. బల్ల మీద పడుకున్న స్ప్రింగు మోగదు. మోగించమని అడుగుదామంటే, మోగినా తనకు వినపడదు. షట్టరు పనివాడికి అలవాటైన మందు ఒకటుంది. డబ్బాలో చెయ్యి పెట్టి దోసెడు గ్రీజు తీసి, స్ప్రింగుకు ఆ కొసనుంచి ఈ కొసదాకా పట్టించాడు.

గురువారం సాయంత్రం రషీద్ పది గుండ్లు కాల్చి, మోత లేదంటూ లింబాద్రిని కావలించుకున్నాడు. శుక్రవారం పొద్దున గాలి లేచింది, కొండల దుమ్మంతా రేగింది. మూడో గుండుకే రైఫిల్ మొరాయించింది. ఖాళీ తూటా సగం బయటికొచ్చి, బెల్లంలో చీమలా ఇరుక్కుంది.

"నోరు మూయించమన్నాను గానీ, గొంతు పిసకమన్నానా?" అన్నాడు రషీద్.

తారిఖ్ గంటసేపు గ్రీజు తుడిచాడు, గంటసేపు తిట్టాడు. లింబాద్రి ఆ తిట్లలో సగమే అందుకున్నాడు. మీసాలు అడ్డం వచ్చాయి. స్ప్రింగు శుభ్రపడగానే తంబూరా తిరిగొచ్చిందని రషీద్ మొహం చెప్పింది.

"ఆదివారం నాలుగింటికి ఇంకోసారి చూస్తాను. మీటింగు అయిదింటికి" అన్నాడు.

శనివారం డ్యూటీ దిగొచ్చి, రూమ్‌లో లచ్చన్న పప్పు తాలింపు వేస్తుంటే లింబాద్రి ఉల్లిగడ్డలు కోస్తూ జరిగిందంతా చెప్పాడు.

"గంత గ్రీజెందుకు పెట్టినవే లింబన్నా? తుపాకా, ఎడ్లబండి ఇరుసా?"

"మరి నాకేమన్న ఇనబడ్డదా? యాడ రాస్కుంటుందో తెల్వది. అంతట పెట్టిన."

"షట్టర్లైతె పన్లతోటి ఇంటవు. గీడెందుకు ఇనకపోతివి?"

"ముట్టద్దన్నడు గదరా ఆ ముసలాయన."

"చేత్తోటి ముట్టద్దన్నడా, మొత్తానికే ముట్టద్దన్నడా?"

లింబాద్రి కత్తి ఆగిపోయింది. కళ్లలో నీళ్లు ఉల్లిగడ్డవే గానీ, మూతి మీద నవ్వు మాత్రం వేరే.

ఆదివారం నాలుగింటికి తారిఖ్ రైఫిల్ ఖాళీ చేసి, ఖాళీగా ఉందని రషీద్‌కు చూపించాడు. లింబాద్రి జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి పళ్ల మధ్య పెట్టుకున్నాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, పూజారి ముందు నిలబడ్డవాడిలా వంగి, మొనను రైఫిల్ వెనక భాగానికి ఆనించాడు.

"ఏయ్! తింటావా ఏంటి?" అన్నాడు తారిఖ్.

లింబాద్రి స్క్రూడ్రైవర్ ఒక్క క్షణం తీశాడు. "చెయ్యి పెట్టలే ఉస్తాద్. రూల్ల పన్లు లేవు గద? మీరే పట్టుకోండ్రి, మీరే ఎనకకు గుంజి ఇడువుండ్రి."

రషీద్ నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడ్డాడు. అర్బాబ్ నవ్వుతుంటే తారిఖ్ కాదనలేకపోయాడు. లాగి వదిలాడు.

లింబాద్రి పుర్రె మొత్తం జంయ్‌మంది. కనకవ్వ కోపమొచ్చినప్పుడు విసిరే ఇత్తడి పళ్లెం సరిగ్గా ఇట్లాగే మోగుతుంది. ఆ ఇంట్లో అతనికి స్పష్టంగా తెలిసే చప్పుడు అదొక్కటే. ఇంకోసారి లాగమని సైగ చేశాడు. మూడోసారి నెమ్మదిగా లాగించాడు. ఆ మోత కింద ఒకచోట చిన్న గరగర తగిలింది, గోరుతో రేకు గీకినట్టు. గడ్డంతో ఆ చోటు చూపించాడు.

తారిఖ్ స్ప్రింగు తీశాడు. ఒక కొసనుంచి జానెడు దూరంలో నాలుగు చుట్లు ఒక పక్కకు వంగి ఉన్నాయి. గొట్టానికి రాసుకుని రాసుకుని ఆ పక్కన తళతళ మెరుస్తున్నాయి. తారిఖ్ ఆ మెరుపు వైపు చాలాసేపు చూశాడు. రెండు నెలలుగా లేదని తాను ఒట్టేసిన చప్పుడు అక్కడుంది. బీరువా తెరిచి కంపెనీ డబ్బాలోంచి కొత్త స్ప్రింగు తెచ్చాడు. గొట్టం పొడిగుడ్డతో తుడిచాడు. ఈసారి లింబాద్రి స్ప్రింగుకు కంటికి కాటుక పెట్టినంత పల్చగా గ్రీజు రాసి, మిగిలింది బనీను గుడ్డతో తీసేశాడు.

బిగించాక మళ్లీ పళ్లతో విన్నాడు. ఇప్పుడు జంయ్‌ లేదు. గోనెసంచి కింద పడ్డట్టు ఒక మెత్తటి దెబ్బ.

"మొత్తానికి పోదు అర్బాబ్, స్ప్రింగన్నంక. కని ఏడ్సుడు బందైంది" అన్నాడు.

రషీద్ చెవులకు మోత ఆపే డొప్పలు పెట్టుకుని ఇరవై గుండ్లు కాల్చాడు. ఒక్కటీ ఇరుక్కోలేదు. డొప్పలు తీసి ఇద్దరి వైపూ తిరిగాడు.

"మీకేమైనా వినిపించిందా?"

"లేదు" అన్నారు ఇద్దరూ ఒకేసారి, మరీ గబుక్కున. ఆ ఒక్క మాటా నిజమే.

రషీద్ ఆఫీసు గది వైపు నడిచాడు. లింబాద్రికి ఏదో అనుమానం తగిలింది. రషీద్ అడుగుతున్నప్పుడు తారిఖ్ అతని కళ్లలోకి చూడలేదు. పెదాలను చూశాడు. ఆ చూపు లింబాద్రి ముప్పై అయిదేళ్లుగా ఎరిగినదే. దొంగను పట్టడానికి దొంగే కావాలి. తారిఖ్ అటు తిరిగి రైఫిల్ తుడుస్తుంటే, వెనకాల సిమెంటు నేల మీదికి లింబాద్రి స్క్రూడ్రైవర్ వదిలేశాడు. గుమ్మం దగ్గర రషీద్ ఉలిక్కిపడి తిరిగి చూశాడు. తారిఖ్ తుడుస్తూనే ఉన్నాడు.

రషీద్ లోపలికి పోయాక లింబాద్రి ముసలాయన ముందుకొచ్చి నిలబడి, తన చెవి చూపించి, వేళ్లతో ఎన్నేళ్లని అడిగాడు. తారిఖ్ మొహంలో రంగు మారింది. నేల మీది స్క్రూడ్రైవర్‌ను చూశాడు, లింబాద్రి పళ్లను చూశాడు. లెక్క కుదిరింది.

"ముప్పై ఏళ్లు తుపాకీ మోత" అన్నాడు పెదాలు బాగా కదిలిస్తూ. "నీకు?"

"చిన్నప్పటి సంది. చీము."

"అర్బాబ్‌కు చెప్తావా?"

"ఏం చెప్పాలె ఉస్తాద్? నాకేం ఇనబడలే."

తారిఖ్ మీసాల కింద నవ్వు కదిలింది. మేకుకు వేలాడుతున్న చెవి డొప్పల జత తీసి లింబాద్రి నెత్తిన తొడిగాడు, ఇంకో జత తను పెట్టుకున్నాడు. ఇక మాట కోసం డొప్పలు ఎత్తే పని లేదు. పెదాలతోనే చెప్పాడు. "ఇక్కడ రూలు ఇది. లోపల ఉన్నంతసేపు తీయొద్దు. పిలిస్తే పలకనివాడే ఇక్కడ బుద్ధిమంతుడు."

ఆఫీసులోంచి రషీద్ మూడుసార్లు పిలిచాడు. ఎవరూ పలకలేదు. చివరికి కాగితం పట్టుకుని తనే వచ్చి, డొప్పలతో నిలబడ్డ ఇద్దర్నీ చూసి ముచ్చటపడ్డాడు. కాగితం మీద లింబాద్రి చేత సంతకం పెట్టించుకుని మీటింగుకు వెళ్లే ముందు, అడుగున అరబీలో ఇంకో లైను రాశాడు.

రషీద్ కారు గేటు దాటాక లింబాద్రి అడిగాడు. "కింద ఏం రాసిండు ఉస్తాద్?"

తారిఖ్ పొట్ట పట్టుకుని నవ్వి చెప్పాడు. "ఈ మనిషిని వెంటనే తీసుకోవాలి, ఇంత చురుకైన చెవి మస్కట్‌లో ఇంకెవరికీ లేదు అని."