ఇదే ఆఖరు ఏడాది అని చెప్పి

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్లకు చెప్పగలిగే మాటైతే ఎప్పుడో చెప్పేసేవాణ్ణి. ఎన్నో ఏళ్లుగా ఇది నా గుండె మీద కూర్చుని ఉంది. బరువులెత్తడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటే. ఈ బరువును మాత్రం ఎక్కడ దించాలో తెలియలేదు.

నేను పహిల్వాన్‌ని. ఒకప్పటి మాట. ఇప్పుడు పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఆఫీసరుని. పొట్ట వచ్చింది, మోకాళ్లు పోయాయి. ఈ ఉద్యోగం కుస్తీ పెట్టిన భిక్ష అని అందరికీ గొప్పగా చెప్పుకుంటాను. భిక్ష పెట్టింది కుస్తీ కాదు, ఒక మనిషి. ఆ సంగతే ఇప్పుడు చెప్పాలి.

తొంభైల మొదట్లో మా వైపు కాలేజీలకు కప్పుల పిచ్చి పట్టింది. ఆటల సార్లు కుస్తీ నేర్పే తాలీముల చుట్టూ తిరిగి పహిల్వాన్లను ఏరుకుపోయేవారు. ఫీజు ఉండదు. హాస్టల్లో తిండి, పొద్దున పాలూ గుడ్లూ. క్లాసుకు రాకపోయినా అడిగే దిక్కు లేదు. ఆ కాలేజీ పేరున్న బనీను వేసుకుని గెలిస్తే చాలు. నేను సంగారెడ్డిలో డిగ్రీలో చేరి, మూడేళ్ల చదువును రబ్బరులా సాగదీశాను. ఒక్క పేపరు కావాలనే తప్పేవాణ్ణి. పాసైతే స్టూడెంటుని కాకుండా పోతాను, స్టూడెంటుని కాకపోతే యూనివర్సిటీ పోటీలు లేవు, ఆ పోటీల్లో పతకం లేకపోతే ఆటల కోటాలో నౌకరీ లేదు. ఆ తరవాత ఇంకో కాలేజీ సారు టీసీ తీసుకుని రమ్మంటే వెళ్లాను. అక్కణ్ణించి మరొకటి.

వయసు హద్దు ఉండేది. కానీ కొండాపూర్ దగ్గర మా ఊరి బడిలో పంతులు నన్ను చూసి అంచనాగా వేసిన పుట్టినరోజు నాకు కలిసొచ్చింది. కాగితం మీద నేనెప్పుడూ చిన్నవాణ్ణే. పోటీకి ముందు బరువు చూసే తూకం దగ్గర వరసలో నిలబడితే పక్క కాలేజీల పిల్లలు నన్ను కోచ్ అనుకుని నమస్తే పెట్టేవారు. పోటీల ముందు రెండు పూటలా గడ్డం గీసుకునేవాణ్ణి. మా అమ్మ మాత్రం, "నీ ఈడోళ్లు పిల్లల్ని బడికి తోలుతున్నరు, నీ కాలేజీ ఒడుస్తనే లేదు" అని దెప్పేది. నవ్వేవాణ్ణి. ఇందులో తప్పేముంది, అందరూ చేసేదే అనుకునేవాణ్ణి. నిజంగానే అందరూ చేసేదే. నేను మోస్తున్నది ఇది కాదు.

నర్సింలు మా తాలీముకు వచ్చేసరికి పందొమ్మిదేళ్ల పిల్లవాడు. గుమ్మడిదల వైపు పల్లె. తల్లీ తండ్రీ ఇద్దరూ కూలికి పోయేవారు. వాడు సంగారెడ్డిలో గవర్నమెంటు హాస్టల్లో ఉండి చదువుకుంటూ, తెల్లారకముందే తాలీముకు వచ్చి మట్టి తవ్వి, నీళ్లు చల్లి, మేము వచ్చేసరికి సిద్ధంగా ఉంచేవాడు. ఆ హాస్టల్ పప్పునీళ్లతో అంత ఒళ్లు ఎలా వచ్చిందో దేవుడికే తెలియాలి. మాట తక్కువ. నన్ను "అన్నా" అని పిలిచేవాడు, ఆ పిలుపులో సొంత తమ్ముడి దగ్గర కూడా వినని ఏదో ఉండేది. తూకం తగ్గించుకోవడానికి కంబళి కప్పుకుని ఇస్మాయిల్‌ఖాన్‌పేట దాకా పరుగెత్తేవాళ్లం. నేను వెనకబడితే వాడు కూడా నెమ్మదించేవాడు. అలసిపోయినట్టు నటించేవాడు. మా ఇద్దరిదీ ఒకే తూకం.

ఒక పొద్దున మాకు కుస్తీ నేర్పే వస్తాదు ఇంకా రాలేదు. మేమిద్దరమే పట్టుకున్నాం. ఊరికే, ఒళ్లు వేడెక్కడానికి. వాడు నా చెయ్యి భుజం మీదికి లాక్కుని తిరిగాడు. అంతే, ఆకాశం కనపడింది. వెన్ను మొత్తం మట్టికి ఆనింది, ఊపిరి ఆగింది. అలా నన్ను అంతకు ముందు ఎవరూ పడెయ్యలేదు. నాకంటే వాడే ఎక్కువ భయపడ్డాడు. నన్ను లేపి, వస్తాదు వచ్చేలోపు తన తువ్వాలుతో నా వీపుకున్న మట్టి గబగబా తుడిచేశాడు. ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ రోజే నాకు తెలిసిపోయింది. ఈ మాట ఇంతవరకూ ఎవరి ముందూ ఒప్పుకోలేదు: నర్సింలు నాకంటే మంచి పహిల్వాన్.

మా తాలీములో ఒక పద్ధతి ఉండేది. ఒకే తాలీము వాళ్లిద్దరు బయట ఎదురుపడాల్సి వస్తే, చిన్నవాడు ముందుగా వచ్చి పెద్దవాడి కాళ్లు మొక్కాలి. పెద్దవాడు వాడి రెండు భుజాలూ చరిచి, "మట్టిల వరుసలు లేవు, పట్టు" అనాలి. ఆ మాటతో చిన్నవాడికి విడుదల. అన్నా తమ్ముడూ అన్నదంతా పక్కన పెట్టి కొట్లాడొచ్చు. ఆ మాట అనకపోతే? అనకపోవడమనేది ఉంటుందని మా వస్తాదు ఎప్పుడూ అనుకున్నట్టు లేదు. పెద్దవాడు అన్నాక అనే తీరతాడు. అది పెద్దరికం.

ఆ ఏడు యూనివర్సిటీ జట్టు ఎంపికలో, మా తూకంలో ఆఖరి కుస్తీ మా ఇద్దరికే పడింది; గెలిచినవాడొక్కడికే జట్టులో చోటు. వాడి కాలేజీ వేరు, నా కాలేజీ వేరు. హాలు బయట నల్లా దగ్గర కూర్చుని ఉన్నాను. తూకం కోసం నీళ్లు తాగడం మానేసి నాలుక అట్ట కట్టుకుపోయి ఉంది. వాడు వచ్చి కాళ్లు మొక్కాడు. లేచి నిలబడి భుజాలు నాకు ఇచ్చాడు, చరుస్తానని.

నేను చరవలేదు. వాడి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"నర్సిం, నాకిదే ఆఖరు ఏడురా. ఇంగ ఏ కాలేజీల సీటు దొరకది. ఈసారి టీంల పోకుంటే నా బత్కు ఒడిసినట్టే."

వాడు మెల్లగా అన్నాడు. "మా అయ్య గూడ ఈ ఏడే సూస్త అన్నడన్నా. టీంల పేరొస్తె సదువుకో, రాకుంటె కంపెనీల పెడ్త అన్నడు. మేస్త్రీతోని మాట్లాడి పెట్టిండు."

"మీ అయ్యకు నేను జెప్త. నీకేందిరా, ఇంకా మస్తు ఏండ్లున్నయ్. నేను జరిగినంక ఈ తూకం నీదే గద."

"నిజంగ ఆఖరేనా అన్నా?"

"అమ్మతోడు."

వాడు తల ఊపాడు. "గట్లయితె నువ్వే పో అన్నా," అన్నాడు. అంతే.

ఇప్పుడు వినండి. అప్పటికి వారం ముందే ఇంకో కాలేజీ సారుతో మాట్లాడుకుని ఉన్నాను. డిగ్రీ ఎలాగోలా పూర్తి చేస్తే, వచ్చే ఏడు తమ దగ్గర ఇంకో కోర్సులో వేసుకుంటానని ఆయన మాట ఇచ్చాడు. హాస్టల్ గది కూడా చూసి వచ్చాను. నాకు ఇంకో ఏడాది ఉంది. ఉందని తెలిసే, లేదని అమ్మ మీద ఒట్టేశాను. ఎందుకు? ఉన్నది దాచుకోవాలి, లేనిది కూడా లాక్కోవాలి అనే బుద్ధి నాకు ఎక్కణ్ణించి వచ్చింది? మాకు పొలం ఉంది, బోరు ఉంది. నౌకరీ రాకపోతే నేను పస్తులుండేవాణ్ణి కాదు. పై తూకంలోకి వెళ్లి ఉండొచ్చు కదా అని కూడా ఎన్నోసార్లు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. అక్కడ నాకు తెలియనివాళ్లు ఉంటారు. తెలియనివాళ్లను బతిమాలడం కుదరదు. నా మాట కాదనలేనివాడు ఒక్క నర్సింలే, అందుకే వాడి దగ్గరికే వెళ్లాను.

కుస్తీ గురించి చెప్పడానికేమీ లేదు. చూసేవాళ్లకు అనుమానం రాకుండా వాడు కాసేపు పెనుగులాడాడు. ఆ తరవాత నా పట్టులో ఒళ్లు వదిలేశాడు. రెఫరీ నా చెయ్యి పైకెత్తాడు. వాళ్ల సారు వాడి మీద విరుచుకుపడి, అందరి ముందూ దద్దమ్మ అని తిట్టాడు. వాడు తల వంచుకుని విన్నాడు.

ఆ ఏడు పోటీల్లో నేను రెండో కుస్తీలోనే ఓడి తిరిగొచ్చాను.

వాళ్ల అయ్యకు నేనేమీ చెప్పలేదు. వాడే కాళ్లావేళ్లా పడి, అన్న ఈ తూకం నుంచి జరుగుతున్నాడు, ఇంకొక్క ఏడు ఆగమని బతిమాలుకున్నాడట. ఆయన ఒక్క ఏడు గడువు ఇచ్చాడు. ఆ ఏడాదంతా నేను కొత్త కాలేజీ హాస్టల్లో ఉన్నాను, తాలీము మొహం చూడలేదు. తేలు కుట్టిన దొంగలా కిమ్మనకుండా కసరత్తు చేసుకున్నాను.

మళ్లీ ఎంపికలు. తూకం దగ్గర వరసలో నన్ను చూశాడు. వాడి మొహం నాకిప్పటికీ కళ్ల ముందే ఉంది. కోపమైతే తట్టుకునేవాణ్ణి. వాడికి ముందు సంతోషం వచ్చింది, అన్న కనపడ్డాడని. ఆ తరవాత నా ఒంటి మీది కొత్త కాలేజీ బనీను చూశాడు.

"నువ్వు గూడనా అన్నా?"

"ఏం జెయ్యాల్రా, సారు బల్మి జేసిండు," అన్నాను.

వాడు వంగి నా కాళ్లు మొక్కాడు. అప్పుడైనా ఆ మాట అనొచ్చు. రెండు భుజాలు చరిచి, ఒక్క మాట. ఆ మాట లేనిదే వాడు నా మీద పట్టు పట్టడని తెలిసే పక్కకు చూశాను. వాడు కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. ఆ రోజు పెనుగులాట కూడా లేదు. బస్తా దించినట్టు దించాను. ఆ ఏడు నాకు పతకం వచ్చింది, దాని వెనకే ఈ ఉద్యోగం. నర్సింలు చదువు ఆగిపోయింది. వాళ్ల ఊరి పక్కనే ఉన్న మందుల కంపెనీలో డ్రమ్ములు దొర్లించే పనికి పోయాడు.

ఇక్కడితో అయిపోతే ఎలాగో మింగేసేవాణ్ణి. అవతలి మనిషి కళ్ల ముందు లేకపోతే పాపం కూడా పలచబడుతుంది. కానీ చాలా ఏళ్లకు నర్సింలు మా ఫ్యాక్టరీకే వచ్చాడు, కాంట్రాక్టు లేబరుగా. జుట్టు సగం నెరిసింది. ఆ మందుల కంపెనీ ఘాటుకు దగ్గు పట్టుకుంది, నాలుగు మాటలకొకసారి ఆగి దగ్గుతాడు. గేటు దగ్గర నన్ను చూసి, "అన్నా!" అని అరిచాడు, పదిమందీ తిరిగి చూసేలా.

ఒకరోజు క్యాంటీన్లో కొత్తగా చేరిన కుర్రాళ్లు, బీహారు పిల్లలూ మనవాళ్లూ కలిసి, నా కుస్తీల గురించి నర్సింలును అడుగుతున్నారు. నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను. వాడు అన్నం కలుపుకుంటూ, ఏ కల్మషమూ లేకుండా, నవ్వుతూ చెప్పాడు. "అన్న పెద్ద పహిల్వానే. కని, నాతోని గెల్వలే. అన్నకు ఆఖరు ఏడని నేనే ఇడిసిపెట్టిన." గొప్ప కోసం చెప్పలేదు. జీవితంలో తను చేసిన ఒక మంచి పని చెప్పుకుంటున్నాడు. పోయిన చదువుకూ పాడైన ఊపిరితిత్తులకూ బదులుగా వాడి దగ్గర మిగిలింది అదొక్కటే.

కుర్రాళ్లు నా వైపు తిరిగారు. "నిజమేనా సార్?"

నేను నవ్వాను. ఆఫీసరు నవ్వు ఒకటి ఉంటుంది, అది. "వానికి బొంకులు జాస్తి," అన్నాను.

బల్ల బల్లంతా ఘొల్లుమంది. నర్సింలు నా మొహం వైపు చూశాడు. నా మోసం అప్పుడే అర్థం చేసుకున్నాడో, అంతకు ముందే తెలుసో. తరవాత వాడూ వాళ్లతో కలిసి నవ్వి, "అవు, ఊకెనే అంటి," అని కంచం తీసుకుని లేచిపోయాడు. ఆ రోజు నుంచి నన్ను సార్ అని పిలుస్తున్నాడు. మర్యాదగా, లేచి నిలబడి.

వాడి దగ్గరికి వెళ్లి చెప్పొచ్చు కదా అంటారు. ఎన్నోసార్లు బయల్దేరాను. వెళ్లి ఏమని చెప్పాలి? నీ త్యాగం కూడా నా మోసమేనని చెప్పి ఉన్నది కూడా ఊడబెరకనా? ఇది వాడి మీద జాలా, నా పిరికితనమా? పిరికితనమే. జాలి పేరు పెడితే మర్యాదగా ఉంటుందని పెట్టాను. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, క్షమించాల్సింది మీరు కాదు. ఆ క్యాంటీన్ బల్ల దగ్గర అడిగిన ప్రశ్నకు జవాబు ఒక్కచోటైనా ఉండాలి, అందుకే రాస్తున్నాను.

నిజమే. నర్సింలు నా చేతిలో ఓడిపోలేదు. ఆగమని నేను అడిగితే ఆగాడు. అబద్ధం చెప్పి అడిగాను.

రాసేశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది. రేపు పొద్దున షిఫ్టుకు వాడు వస్తాడు, గేటు దగ్గర లేచి నిలబడి నమస్తే సార్ అంటాడు.