కళాయి వేసిన ఇనుప టోపీ

తాడేపల్లిగూడెంలో కళాయి కొట్టు నడిపే మనిషి ఇనుప టోపీని గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు. లోపలంతా అద్దంలా మెరుస్తోంది.

"చూసుకోండి మాస్టారూ, మొహం కనబడతది. ఇందులో పులుసు కాచుకున్నా పాడవదండి" అన్నాడు సంతోషంగా.

లోపల తెల్లరంగుతో రాసిన నంబరు ఉండాలి. వేలితో తడిమాను. నునుపు తప్ప ఏమీ తగల్లేదు.

"ఇక్కడ అంకెలుండాలే?"

"ఏవో గీతలున్నాయండి. నిప్పుల మీద పెట్టగానే మాడిపోయినయ్యి. రంగుంటే తగరం అంటుకోదు కదండీ."

"కళాయి వెయ్యమని నేను చెప్పలేదు కదయ్యా!"

"కళాయి కొట్టుకి తెచ్చి, తుప్పు వదిలించి ఊరికే ఇచ్చెయ్యమంటారాండీ? వారంలో మళ్ళీ పట్టేస్తది."

అతన్ని తప్పుపట్టలేకపోయాను. ఆ కొట్టుకొచ్చిన ప్రతి గిన్నెకూ లోపల తోమి, కాల్చి, తగరం పూయడమే అతని పని. "తుప్పు వదిలించండి" అని మాత్రం చెప్పి, ఏలూరు రైలు అందదేమోనని పరుగెత్తింది నేనే. పత్రికలో పనిచేసినన్నాళ్ళూ వెళ్ళిన ప్రతిచోటా ముందు పేరూ ఊరూ రాసుకున్నవాణ్ణి, ఆ నంబరు రాసుకోలేదు. ఫొటో కూడా తీయలేదు. తుప్పు పోయాక అంతా కనిపిస్తుంది, అప్పుడు రాసుకోవచ్చులే అనుకున్నాను.

టోపీ మండవల్లిలో ఉండే ఒక ముస్లిం పెద్దావిడది. కొన్నేళ్ళ క్రితం కొల్లేరు పొంగినప్పుడు వార్త కోసం వెళితే, ఆవిడ ఇంట్లో బురద ఎత్తిపోస్తూ కనిపించారు. టోపీ మేకు నుంచి ఊడి మూడు రోజులు నీళ్ళలో నానిందట. అది ఆవిడ తండ్రిది. ఆయన సైన్యంలో ఇంజనీరింగ్ దళంలో చేరి, రెండో ప్రపంచయుద్ధంలో బర్మా వైపు వెళ్ళారు. దారుల్లో పాతిన మందుపాతరలు వెతికి తీయడం ఆయన పని. తిరిగి రాలేదు. అప్పటికి ఆవిడ నెలల పిల్ల. గణపవరం నుంచి వెళ్ళిన తోటి సైనికుడొకాయన ఆ టోపీ తెచ్చి ఆవిడ తల్లికిచ్చాడు. ఎక్కడ ఖననం చేశారో ఆయనకూ తెలియదు.

ఉద్యోగం విరమించాక ఒకసారి మళ్ళీ వెళ్ళాను. అలాంటి దళాల గురించి ఎప్పుడో ఆదివారం పేజీ కోసం చదివింది చెప్పాను. పూర్వం ఐరోపాలో కోటను ముట్టడించేటప్పుడు, గోడ దాకా కందకం తవ్వుతూ అందరికంటే ముందుండే సైనికుడికి బరువైన ఇనుప టోపీ, రొమ్ముకు ఇనుప కవచం తొడిగేవారు. కోట మీది తుపాకులన్నీ ముందు అతనికే గురిపెట్టేవి.

ఆవిడ శ్రద్ధగా విని, "మరి మా నాన్నగారికి రొమ్ముకేమీ ఇవ్వలేదేమండీ? అప్పటికి ఇనుమైపోయిందా?" అన్నారు. నవ్వబోయి ఆగిపోయాను.

"నాకు ఎనభై దాటినయ్యండి. ఆయన ఏ మట్టిలో ఉన్నారో తెలిస్తే, ఆ ఊరి పేరు చెప్పి దువా చేసుకుంటాను. సైన్యం వాళ్ళకి మీరు రాసిపెట్టండి."

సైనిక రికార్డుల్లో వెతకాలంటే నంబరు కావాలి. కాగితాలు వరదల్లో పోయాయి. మిగిలింది టోపీ లోపలి నంబరొకటే, అదీ సగం తుప్పు కింద. అందుకే తీసుకెళ్ళాను.

మెరుస్తున్న టోపీని తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాను. అందులో తన మొహం చూసుకుని, "భలే చేశాడండి" అన్నారు. తరువాత అటూ ఇటూ తిప్పి చూశారు.

"నంబరు మీ దగ్గరుంది కదండీ?"

లేదన్నాను.

"పేపరాయన కదా, రాసుకునుంటారనుకున్నాను" అన్నారు. గొంతు పెంచలేదు.

తిరిగి కళాయి కొట్టుకు వెళ్ళి, తగరం కరిగిస్తే అడుగున ఏమైనా కనబడుతుందా అని అడిగాను. "కాలిపోయిన రంగు ఎక్కణ్ణించి వస్తదండీ?" అన్నాడతను. అప్పుడతని గొంతులో సంతోషం లేదు. టోపీ ఎవరిదో అప్పటికే చెప్పాను.

ఆయన పేరూ, ఊరూ, ఆయన తండ్రి పేరూ రాసి సైనిక రికార్డుల ఆఫీసుకు దరఖాస్తు పంపాను. ఆ పేరుతో ఆ దళంలో చాలామంది ఉన్నారనీ, నంబరు పంపితే వెతుకుతామనీ జవాబు వచ్చింది. మొదటి నాలుగు అంకెలు నాకు గుర్తున్నాయి. ఆ తరువాత ఎన్ని ఉన్నాయో కూడా తెలియదు.